ఆటకు అంకె: వీడియో గేమ్‌ల సమీక్షలో కొలత ఎంత, అభిరుచి ఎంత?

కెనడా దేశంలోని ఒంటారియో రాష్ట్రంలో, టొరంటోకు పడమరగా సుమారు 110 కిలోమీటర్ల దూరాన ఉన్న వాటర్లూ మార్కుల విలువ ఎరిగిన ఊరు. 1957లో ఇక్కడ స్థాపితమైన విశ్వవిద్యాలయం గణితానికి, ఇంజనీరింగుకు పేరుపొందినది. ఆ విశ్వవిద్యాలయం నిర్వహించే యూక్లిడ్ గణిత పోటీలో నూటికి ఎన్ని వచ్చాయన్నది కెనడాలోని ఎన్నో తెలుగు ఇళ్ళలో చర్చనీయాంశం. అటువంటి ఇళ్ళలోనే ఇప్పుడు మరొక రకం మార్కు వినబడుతున్నది. డెబ్బై, ఎనభై డాలర్ల వెలగల వీడియో గేమ్ కావాలని కోరే పిల్లవాడు తన కోరికకు సాక్ష్యంగా ఒక అంకెను చూపుతాడు: ఈ ఆటకు 91 వచ్చినది, దానికి 74 మాత్రమే వచ్చినది అని. జీవితమంతా మార్కులను నమ్ముకొని వచ్చిన తల్లిదండ్రులకు ఆ వాదన సులభంగానే తలకెక్కుతుంది.

అయితే ఆ 91 దేనికి కొలత? ఎవరు కొలిచారు? ఏ సాధనంతో కొలిచారు? ఆ కొలతలో దోషం ఎంత? ప్రయోగశాలలో ఏ అంకెనైనా స్వీకరించే ముందు అడుగవలసిన ప్రశ్నలివి. ఆటల అంకెను కూడా ఇవే ప్రశ్నలతో పరీక్షిస్తే, అది చెప్పగలిగినది ఏమిటో, చెప్పలేనిది ఏమిటో తేలుతుంది.

ఆటలను చదువుగా చూసిన ఊరు

ఈ ప్రశ్నలకు వాటర్లూతో ఉన్న సంబంధం కేవలం మార్కుల సంబంధం కాదు. ఆటలను విద్యావిషయంగా పరిగణించడం ఈ ఊరిలో అర్ధశతాబ్ది నాటి మాట. వాటర్లూ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎలియట్ ఆవెడాన్, బ్రయన్ సటన్-స్మిత్ అనే మరొక పండితునితో కలిసి ‘ద స్టడీ ఆఫ్ గేమ్స్’ అనే గ్రంథాన్ని 1971లో వెలువరించాడు. అదే సంవత్సరం విశ్వవిద్యాలయంలో ఆటల ప్రదర్శనశాల ఒకటి వెలసినది. తరువాత దానికి ఆవెడాన్ పేరే పెట్టారు. లోకంలోని నానాదేశాల ఆటవస్తువులను సేకరించి, వర్గీకరించి, భద్రపరచిన ఆ సంస్థ 2009లో మూతపడగా, సేకరణ అంతా నేడు కెనడా చరిత్ర ప్రదర్శనశాలగా పిలువబడే జాతీయ సంస్థకు చేరినది.

తెలుగు ఇళ్ళలో పండుగ మధ్యాహ్నాలలో ఆడే వామనగుంటలు ‘మంకాలా’ అనే పేరుతో ఆఫ్రికా మొదలు ఆగ్నేయాసియా వరకు వ్యాపించిన ఆటల కుటుంబానికి చెందినది. ఏడేసి గుంటల రెండు వరుసలకు ఏ విమర్శకుడూ మార్కు వేయలేదు. తరతరాల ఆటగాళ్ళు మళ్ళీ మళ్ళీ ఆడడమే దానికి దక్కిన యోగ్యతాపత్రం. వీడియో గేమ్‌కు అంత వ్యవధి లేదు. విడుదలైన కొద్ది వారాలలోనే దాని అమ్మకాల భవితవ్యం చాలావరకు తేలిపోతుంది. అంకె అవసరమైనది అందువల్లనే.

2010 తరువాతి సంవత్సరాలలో వాటర్లూ విశ్వవిద్యాలయంలో గేమ్స్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన కేంద్రం ఏర్పడినది. దీనికి సారథ్యం వహించిన నీల్ రాండల్ కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు కాడు, ఆంగ్ల సాహిత్య విభాగపు ఆచార్యుడు. కంప్యూటర్ పత్రికలలో అనేక వ్యాసాలు వ్రాసినవాడు. 2012లో ఈ కేంద్రపు పరిశోధక విద్యార్థులు ‘ఫస్ట్ పర్సన్ స్కాలర్’ అనే పత్రికను ప్రారంభించారు. పాండిత్య పత్రికల గాంభీర్యానికి, సామాన్య పాఠకుని ఆసక్తికి నడుమ నిలిచే విమర్శ కావాలన్నది వారి ఆశయం. ఆట కొనదగినదా కాదా అని తేల్చడం కంటె, ఆట ఏమి చెబుతున్నది, ఆడేవానిని ఏ స్థానంలో నిలబెడుతున్నది అని అడగడం వారి పద్ధతి.

సమీక్ష పుట్టుపూర్వోత్తరాలు

వార్తాపత్రికలలో చలనచిత్రాలకు, పుస్తకాలకు సమీక్షలు వచ్చినట్లు వీడియో గేమ్‌లకు సమీక్షలు రావడం 1970ల చివర మొదలైనది. అమెరికాలో ‘వీడియో’ అనే పత్రికలో బిల్ కుంకెల్, ఆర్నీ కాట్జ్ ‘ఆర్కేడ్ ఆలీ’ అనే శీర్షికను 1979 ప్రాంతంలో ఆరంభించారు. వారే 1981లో ‘ఎలక్ట్రానిక్ గేమ్స్’ పత్రికను నెలకొల్పారు. అదే ఏట వెలువడిన ‘కంప్యూటర్ గేమింగ్ వరల్డ్’ పదేళ్ళకు పైగా సమీక్షలకు అంకెలు జోడించకుండానే నడచి, 1994లో నక్షత్రాల పద్ధతికి వచ్చినది. పాఠకులు తొందరగా తీర్పు కోరారు, పత్రిక ఇచ్చినది.

ఇంగ్లండులో 1984లో వచ్చిన ‘క్రాష్’ పత్రిక నూటికి ఇన్ని అని శాతాలు వేసినది. జపానులోని ‘ఫామిట్సు’ పత్రిక వేరొక దారి తొక్కినది. నలుగురు సమీక్షకులు విడివిడిగా పదేసి మార్కులకు విలువ కడతారు. మొత్తం నలభై. మొట్టమొదట నలభైకి నలభై పొందిన ఆట 1998లో వచ్చిన ‘ద లెజెండ్ ఆఫ్ జెల్డా: ఒకరీనా ఆఫ్ టైమ్’. ఒకే నమూనాను నలుగురు వేర్వేరుగా పరీక్షించడం రసాయన శాస్త్రం మెచ్చుకొనే పద్ధతి. వారి నలుగురి అంకెలు పక్కపక్కనే అచ్చు కావడం వల్ల ఎవరెవరు ఎక్కడ విభేదించారో పాఠకునికి కనబడుతుంది.

‘గేమ్‌స్పాట్’ సంస్థ 2007 వరకు మరొక సూత్రాన్ని అనుసరించినది. ఆట నడక, దృశ్యాలు, ధ్వని, వెలకు తగిన విలువ, సమీక్షకుని స్వంత మొగ్గు అనే అయిదు అంశాలకు మార్కులు వేసి, వాటినుండి తుది అంకెను లెక్కకట్టేవారు. చూడడానికి ఇది శాస్త్రీయంగానే ఉంటుంది. కాని చదరంగంలో ధ్వని లేదు, అష్టాచెమ్మాలో దృశ్యాలు లేవు. వాటికి ఆ అంశాలలో సున్న వేసి సగటు తీస్తే వచ్చే ఫలితం చదరంగాన్ని గూర్చి కాక సూత్రంలోని లోపాన్ని గూర్చి చెబుతుంది. ఆ సంస్థ చివరకు అంశాలవారీ గణనను విడిచిపెట్టినది.

సమీక్షకుని బల్ల మీద

సమీక్ష ఎలా తయారవుతుందో తెలుసుకొంటే అంకె బలాబలాలు సగం తెలిసినట్లే. సాధారణంగా ప్రచురణ సంస్థ విడుదలకు ముందే ఆట ప్రతిని సమీక్షకులకు పంపుతుంది. ఫలానా తేదీ, ఫలానా గంట వరకు ఏమీ ప్రకటించరాదన్న షరతు ఉంటుంది. చేతిలో ఉన్న వ్యవధి కొన్నిసార్లు వారం, కొన్నిసార్లు అంతకంటె తక్కువ. చలనచిత్రం రెండున్నర గంటలలో ముగుస్తుంది. పెద్ద ఆట ముగియడానికి నలభై గంటలు, కొన్నిటికి నూరు గంటలు పడుతుంది. ఇతరులతో కలిసి ఆడే ఆటలకు ముగింపే ఉండదు. సెలవుదినాలలో తీరికగా నెలరోజులు ఆడేవాని అనుభవం, గడువు తరుముతుండగా రాత్రింబగళ్ళు ఆడినవాని అనుభవం ఒకటి కాజాలవు.

పైగా ఆటలో ప్రేక్షకుడు కేవలం ప్రేక్షకుడు కాడు. సినిమా తెర మీద కథానాయకుడు గెలుస్తాడా లేదా అన్నది చూసేవాని నైపుణ్యంపై ఆధారపడదు, ఆటలో ఆధారపడుతుంది. నేర్పరికి చప్పగా తోచిన ఘట్టం కొత్తవానికి దుర్గమం కావచ్చు. అందుచేత మంచి సమీక్షకుడు తాను ఎటువంటి ఆటగాడో, ఎన్ని గంటలు ఆడాడో, ఏ యంత్రం మీద ఆడాడో ముందుగా చెబుతాడు. ప్రయోగ నివేదికలో ఉష్ణోగ్రత, పీడనం వ్రాసినట్లే ఇదీను. ఆ పరిస్థితులు చెప్పని అంకెకు అర్థం సగమే.

ఏడు అంటే ఎంత?

తెలుగు చలనచిత్ర సమీక్షలు చదివేవారికి ఒక సంగతి అనుభవమే. అయిదుకు రెండున్నర అంటే గణితం ప్రకారం సరిగ్గా సగం. కాని రెండున్నర వచ్చిన చిత్రాన్ని ఎవరూ మధ్యరకం చిత్రమని అనుకోరు, తేలిపోయినదనే అనుకొంటారు. రెండూ ముప్పావు, మూడు, మూడుంపావుల మధ్యనే తీర్పులన్నీ తిరుగుతూ ఉంటాయి. అయిదు మార్కుల కొలబద్దలో నిజంగా వాడుకలో ఉన్నది ఒకటి రెండు మార్కుల నిడివి మాత్రమే.

వీడియో గేమ్‌లలోనూ ఇదే స్థితి. పదికి ఏడు అంటే సామాన్యం, ఆరు అంటే ఇబ్బంది, అయిదు అంటే వైఫల్యం అన్నది పాఠకులలో నాటుకొన్న భావన. సమీక్షల సగటును ప్రకటించే ‘మెటాక్రిటిక్’ సంస్థ ఈ భేదాన్ని తన రంగులలోనే ఒప్పుకొన్నది. చలనచిత్రానికి 61 వస్తే ఆకుపచ్చ రంగు లభిస్తుంది. ఆటకు ఆ రంగు రావాలంటే 75 కావాలి. అనగా 70 అనే ఒకే అంకె చిత్రమైతే మంచిదని, ఆటైతే మిశ్రమమని సూచిస్తుంది. కొలబద్ద మీది గీతలు అవే, వాటి అర్థం వేరు.

ఇంకొక లోతైన చిక్కు కలదు. ఖనిజాల కాఠిన్యాన్ని కొలవడానికి ఫ్రెడరిక్ మోస్ అనే శాస్త్రజ్ఞుడు పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్ళలో ఒకటి నుండి పది వరకు ఒక కొలబద్దను ఏర్పరచాడు. మెత్తని టాల్క్‌కు ఒకటి, కురువిందానికి తొమ్మిది, వజ్రానికి పది. ఏది దేనిని గీయగలదో ఆ వరుసను మాత్రమే ఆ అంకెలు చెబుతాయి. తొమ్మిదికీ పదికీ ఉన్న దూరం, ఎనిమిదికీ తొమ్మిదికీ ఉన్న దూరానికి సమానం కాదు. నేరుగా కొలిచినప్పుడు వజ్రం కురువిందానికి కొన్ని రెట్లు కఠినమని తేలుతుంది. కాబట్టి మోస్ అంకెలను కూడి సగటు తీయడంలో అర్థం లేదు. వరుసను మాత్రమే చెప్పే కొలతలు వేరు, దూరాన్ని కూడా చెప్పే కొలతలు వేరు అన్న ఈ విభజనను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఎస్. ఎస్. స్టీవెన్స్ 1946లో స్పష్టం చేశాడు. సమీక్షకుని పదికి ఎనిమిది మోస్ అంకెకే దగ్గరి బంధువు. ఆయన దృష్టిలో ఇది ఏడు వచ్చిన ఆట కంటె మెరుగు అని మాత్రమే అది చెబుతుంది.

ఈ కొలబద్ద మీద దశాంశాలు వేయడం మరీ సాహసం. ‘ఐ.జి.ఎన్.’ సంస్థ చాలాకాలం 8.7, 8.8 అంటూ పదవ వంతుల వరకు లెక్కించినది. సెంటీమీటరు గీతలు మాత్రమే ఉన్న బద్దతో కొలిచి మిల్లీమీటర్లు ప్రకటించినట్లు ఇది. 2020లో ఆ సంస్థ దశాంశాలను విడిచి పూర్ణాంకాలకు వచ్చినది.

సగటు దాచిపెట్టేది

ఒక్కని అభిప్రాయం నమ్మదగినది కాకపోతే పదిమంది అభిప్రాయాలను కూడి సగటు తీస్తే సరిపోదా? ఆ ఆలోచనతోనే 2001లో మెటాక్రిటిక్ ఆరంభమైనది. వేర్వేరు పత్రికల మార్కులను నూటికి మార్చి, ఆయా పత్రికల స్థాయిని బట్టి బరువులు కట్టి, ఒకే అంకెగా ప్రకటించడం దాని పద్ధతి. ఏ పత్రికకు ఎంత బరువో ఆ సంస్థ బయటపెట్టదు.

మార్పిడిలోనే మొదటి దోషం చోటుచేసుకొంటుంది. ఒంటారియో పాఠశాలలలో డి గ్రేడు అంటే 50 నుండి 59 మధ్య మార్కు. మెటాక్రిటిక్ మార్పిడి పట్టికలో డి గ్రేడు విలువ 25. గ్రేడు వేసిన విమర్శకుని మనసులో ఏ కొలబద్ద ఉన్నదో పట్టికకు తెలియదు.

రెండవది సగటు స్వభావం. అయిదుగురు సమీక్షకులు ఒక ఆటకు తలా 75 వేశారనుకొందాం. మరొక ఆటకు ఇద్దరు నూరేసి, ఒకరు 75, ఇద్దరు యాభైయేసి వేశారనుకొందాం. రెండింటి సగటూ 75. మొదటిది అందరికీ ఫరవాలేదనిపించిన ఆట. రెండవది కొందరికి ప్రాణం, కొందరికి ప్రాణసంకటం. కొనదలచినవానికి అక్కరకు వచ్చే సమాచారం ఈ భేదమే. సగటు దానిని మాపివేసినది. అందుకే ప్రయోగశాలలో సగటును ఒంటరిగా ప్రకటించరు, ఫలితాలు ఎంత విస్తరించి ఉన్నాయో పక్కన వ్రాస్తారు.

మూడవది, నమూనా నిలకడ. అచ్చయిన పుస్తకం మారదు, ఆట మారుతుంది. 2013 మార్చిలో విడుదలైన ‘సిమ్‌సిటీ’ ఆట సంస్థవారి సర్వర్లతో నిరంతరం అనుసంధానమై ఉంటేనే నడుస్తుంది. ‘పాలిగాన్’ సంస్థ విడుదలకు ముందు ఆడించి పదికి 9.5 వేసినది. విడుదలనాడు లక్షలాది జనం ఒక్కసారి చేరగా సర్వర్లు కూలిపోయాయి. మార్కు ఎనిమిదికి, ఆపై నాలుగుకు దిగి, పరిస్థితి చక్కబడిన తరువాత 6.5కు చేరినది. ఒక్క ఆటకు ఒకే సంస్థ నాలుగు అంకెలు వేసినది. వాటిలో ఏదీ అబద్ధం కాదు, ప్రతిదీ ఆనాటి ఆటకు వేసిన మార్కే. కాని మెటాక్రిటిక్ నియమం ప్రకారం లెక్కకు వచ్చేది మొదటి అంకె మాత్రమే.

2020 డిసెంబరులో వచ్చిన ‘సైబర్‌పంక్ 2077’ మరింత ఖరీదైన పాఠం. విడుదలకు ముందు సమీక్షకులకు అందినది శక్తిమంతమైన కంప్యూటర్ల మీద నడిచే ప్రతి. దాని ఆధారంగా మంచి మార్కులు వచ్చాయి. పాత తరపు ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ యంత్రాల మీద అదే ఆట అడుగడుగునా ఆగి, కుప్పకూలినది. విడుదలైన వారం రోజులకే సోనీ సంస్థ దానిని తన దుకాణం నుండి తొలగించి, 2021 జూన్‌లో గాని తిరిగి చేర్చలేదు. ఆ పాత యంత్రం ఉన్న ఇంటికి ఆ తొలి మార్కు వల్ల కలిగినది నష్టమే. ఒక సీసాలోని ద్రవాన్ని పరీక్షించి మరొక సీసాకు చీటీ అంటించినట్లయినది.

అంకె జీతమైనప్పుడు

ఇంతవరకు నష్టం కొనేవానిది. తయారుచేసేవాని నష్టం ఇంకా పెద్దది. 2010లో వచ్చిన ‘ఫాలౌట్: న్యూ వేగాస్’ ఆటను నిర్మించినది ఆబ్సిడియన్ అనే సంస్థ. మెటాక్రిటిక్‌లో 85 వస్తేనే తమకు అదనపు ప్రతిఫలం లభించేలా ఒప్పందం ఉన్నదని, అది దక్కలేదని ఆ సంస్థ స్థాపకులలో ఒకరైన క్రిస్ అవెలోన్ 2012లో వెల్లడించాడు. వచ్చినది 84. ఒక్క మార్కు.

ఆ ఒక్క మార్కుకు గణితంలో ఎంత విలువ? ఉదాహరణకు యాభై సమీక్షలు ఉన్నాయనీ, వాటి ప్రామాణిక విచలనం ఎనిమిది మార్కులనీ అనుకొందాం. అప్పుడు సగటులోని ప్రామాణిక దోషం, ఎనిమిదిని యాభై వర్గమూలంతో భాగించగా, ఒక మార్కు కంటె కొంచెం ఎక్కువ. అటువంటి కొలతకు 84, 85 మధ్య భేదాన్ని పసిగట్టే శక్తి లేదు. సమీక్షకుల జాబితాలో ఇద్దరు మారి ఉంటే ఫలితం అటుదిటు కాగలదు. ఏ విశ్లేషణ రసాయనవేత్తా అంతటి సన్నని గీత మీద తీర్పు చెప్పడు. కాని అనేకుల శ్రమకు తగిన ప్రతిఫలం ఆ గీత మీదనే నిర్ణయమైనది.

వాటర్లూ విద్యార్థులు చదువు నడుమ నాలుగేసి నెలలు సంస్థలలో పనిచేసే కో-ఆప్ పద్ధతికి పేరుపొందినవారు. వారిలో ఆటల నిర్మాణంలోకి వెళ్ళేవారూ ఉంటారు, వారిలో తెలుగు పిల్లలూ ఉంటారు. ఒప్పందాలలో ఇటువంటి అంకె కనబడితే దాని అర్థమేమిటో వారికి తెలిసి ఉండడం మంచిది. ఒక కొలత లక్ష్యంగా మారితే అది మంచి కొలతగా మిగలదన్న భావం, ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో చేసిన ఒక ప్రతిపాదన నుండి పుట్టి ఆయన పేరుతోనే నిలిచినది. జీతం అంకెతో ముడిపడిన నిర్మాత ఆటగాని ఆనందం కంటె సమీక్షకుని అభిరుచి వైపు చూడవలసి వస్తుంది.

ఒత్తిడి విమర్శకుని మీద కూడా పడుతుంది. ఆటల పత్రికలకు రాబడి చాలావరకు ఆటల ప్రకటనల నుండే వస్తుంది. 2007 నవంబరులో గేమ్‌స్పాట్ సమీక్షకుడు జెఫ్ గెర్స్‌ట్‌మన్ ‘కేన్ అండ్ లించ్’ అనే ఆటకు పదికి ఆరు వేశాడు. ఆ సమయంలో ఆ ఆట ప్రకటనలు అదే సంస్థ పుటలలో నిండి ఉన్నాయి. కొద్దిదినాలకే ఆయన ఉద్యోగం పోయినది. ఈ రెండింటికీ సంబంధం ఉన్నదని 2012లో, మాట్లాడే స్వేచ్ఛ లభించిన పిదప, ఆయనే చెప్పాడు.

వాటర్లూలో జరిగిన రెండు ప్రయత్నాలు

అంకెను ఎలా సరిచూసుకోవాలన్నదానికి వాటర్లూలోనే ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉన్నది. అది ఆటలకు కాక పాఠశాలలకు సంబంధించినది. ఒక పాఠశాలలో 95, మరొక పాఠశాలలో 95 సమానం కావని వాటర్లూ విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ విభాగం గ్రహించినది. ఆయా పాఠశాలల నుండి వచ్చిన విద్యార్థులు మొదటి సంవత్సరంలో ఎన్ని మార్కులు కోల్పోయారో లెక్కించి, దరఖాస్తుదారుల మార్కులను ఆ మేరకు సవరించేది. 2018లో ఆ జాబితా వార్తలలోకి వచ్చినప్పుడు సామాన్య సవరణ సుమారు 16 మార్కులని, ఒక పాఠశాలకు 27 దాటినదని తెలిసి ఎందరో తల్లిదండ్రులు నివ్వెరపోయారు. ఆ పద్ధతి న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. కాని అందులో ఒక శాస్త్రసూత్రం ఉన్నది: ఉదారంగా మార్కులు వేసేవారిని, పిసినారిగా వేసేవారిని తరువాతి ఫలితాలతో పోల్చి సరిచూడాలి. ఆటల సమీక్షకులకు అటువంటి ‘మొదటి సంవత్సరపు ఫలితం’ లేదు. ఆనందానికి ప్రామాణిక ద్రావణం ఏ సీసాలోనూ దొరకదు.

రెండవ ప్రయత్నం నేరుగా ఆటలకు చెందినది. వాటర్లూ ఆచార్యుడు లెనార్ట్ నాకె ఆటగాని శరీరస్పందనలను కొలిచే పరిశోధనలకు పేరుపొందినవాడు. ఉద్వేగం కలిగినప్పుడు చర్మం మీది చెమటలో స్వల్పమైన మార్పు వచ్చి విద్యుత్తు ప్రవహించే తీరు మారుతుంది. నవ్వినప్పుడు చెంప కండరం, చిరాకుపడినప్పుడు కనుబొమల నడిమి కండరం సూక్ష్మంగా స్పందిస్తాయి. వీటిని కొలవవచ్చు. అయితే చర్మం ఉద్వేగపు తీవ్రతను చెబుతుంది గాని, అది ఉత్సాహమో ఉక్రోషమో విడదీయదు. అందుచేత ఆటగానిని అడగక తప్పదు.

అడగడానికి ఒక క్రమం కావాలి. నాకె, మరికొందరు దేశదేశాల పరిశోధకులతో కలిసి 2020లో ప్రకటించిన ప్రశ్నావళి ఆటగాని అనుభవాన్ని పది పాయలుగా విడదీసినది. అదుపులోని సౌలభ్యం, లక్ష్యాల స్పష్టత, పురోగతి తెలియడం, సవాలు, దృశ్యశ్రవణ సౌందర్యం అనే అయిదు ఆట నిర్మాణానికి దగ్గరివి. నేర్పు సాధించానన్న భావన, కుతూహలం, లీనత, స్వేచ్ఛ, అర్థవంతత అనే అయిదు మనసుకు దగ్గరివి. ఒక్కొక్క పాయకు మూడేసి ప్రశ్నలు. ఎంతోమంది ఆటగాళ్ళ సమాధానాలతో వాటిని పరీక్షించారు. ఆటను గూర్చి సమర్థంగా కొలవదలచినవారు ఒక అంకెతో కాక పది అంకెలతో తేలారన్నది గమనించదగినది. ఒక ఆట కుతూహలంలో ఉన్నతంగా, అదుపులో అధమంగా ఉండవచ్చు. దానిని 78 అని పిలిస్తే ఆ రెండూ మాయమవుతాయి.

అంకెను విడిచినవారు, తిరిగి పట్టినవారు

ఈ కష్టాలన్నీ తెలిసి కొన్ని పత్రికలు అంకెను మానుకొన్నాయి. ఇంగ్లండులోని ‘యూరోగేమర్’ 2015లో పదిమార్కుల పద్ధతిని రద్దుచేసి, సిఫారసు చేయదగినవి, తప్పక ఆడవలసినవి, విడువదగినవి అనే ముద్రలకు మారినది. పాలిగాన్ సంస్థ 2018లో అంకెలను విడిచినది. అయితే యూరోగేమర్ 2023లో అయిదు నక్షత్రాలకు తిరిగివచ్చినది. పాఠకునికి తీరిక తక్కువ, ఆటలు లెక్కకు మిక్కిలి. సమీక్ష మొత్తం చదవాలా వద్దా అని తేల్చుకోవడానికైనా ఒక గుర్తు అవసరం. ఆ పనికి అంకె పనికివస్తుంది. తలుపు మీది పేరుపలక ఇంట్లోకి దారి చూపుతుంది గాని, ఇంట్లో ఎవరున్నారో చెప్పదు.

తెలుగు సాహిత్య విమర్శకు ఈ సంగతి కొత్త కాదు. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో వెలువరించిన ‘కవిత్వతత్త్వ విచారము’లో పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని పరిశీలించాడు. ఆయన తీర్పులతో విభేదించినవారు ఎందరో. కాని ఆయన కారణాలు చెప్పాడు కనుక వాటిని ఖండించడానికీ సమర్థించడానికీ దశాబ్దాల పాటు అవకాశం కలిగినది. నూటికి ఇన్ని అని వేసి ఊరుకొని ఉంటే ఆ చర్చ పుట్టేదే కాదు.

ఇంటిలో చేయదగినది

ప్రవాసంలోని తెలుగు తల్లిదండ్రులు ముందుగా రెండు రకాల ముద్రలను వేరుచేసి చూడాలి. పెట్టె మీద ఇ, టి, ఎం అనే అక్షరాలతో కనబడేది ఉత్తర అమెరికాలో 1994లో ఏర్పడిన ఇ.ఎస్.ఆర్.బి. సంస్థ ఇచ్చే వయోనిర్దేశం. ఇ అంటే అందరికీ, టి అంటే పదమూడేళ్ళు దాటినవారికి, ఎం అంటే పదిహేడేళ్ళు దాటినవారికి తగినది. అది ఆట మంచిదా చెడ్డదా అని చెప్పదు. విమర్శకుని 95 ఆ ఆట పదేళ్ళ పిల్లవానికి తగునని చెప్పదు. మిక్కిలి ఉన్నతమైన మార్కులు పొందిన ఆటలలో ఎం ముద్ర గలవి అనేకం.

తరువాత సగటును వదలి, రెండు సమీక్షలను పూర్తిగా చదవాలి: బాగా మెచ్చుకొన్నది ఒకటి, బాగా తెగిడినది ఒకటి. ఇద్దరూ ఒకే లక్షణాన్ని పేర్కొని ఒకరు గుణమనీ, మరొకరు దోషమనీ అంటే, ఆ లక్షణం ఇంటి పిల్లవానికి నచ్చుతుందా అన్నదే మిగిలిన ప్రశ్న. ఇంట్లో ఉన్న యంత్రం మీదనే సమీక్షకుడు ఆడాడా అన్నది చూసుకోవాలి. అనుసంధానంతో నడిచే ఆటలైతే విడుదలైన రెండు మూడు వారాలు ఆగడం వల్ల పోయేది ఏమీ లేదు.

అన్నిటికంటె మేలైన పద్ధతి పిల్లవానినే సమీక్షకునిగా చేయడం. 91 వచ్చినదన్న మాట సాక్ష్యంగా చెల్లదని చెప్పి, ఆ ఆటలో ఏమి ఉన్నది, ఎవరు మెచ్చారు, ఎవరు మెచ్చలేదు, ఎందుకు అని ఒక పుట వ్రాసి తెమ్మనవచ్చు, వీలైతే తెలుగులో. ఆ పుట వ్రాయగలిగిన పిల్లవానికి ఆట కొనిపెట్టినా డబ్బు వృథా కాదు. ఆ పుట చదివిన తల్లిదండ్రులకు, పరీక్షాఫలితాలు వచ్చిన రోజున ఆ పిల్లవాని మార్కులను కూడా అదే దృష్టితో చూడడం, మార్కు కంటె ముందు ఏమి నేర్చుకొన్నాడని అడగడం కొంత సులభమవుతుంది.